ఊద విత్తనం

మోకాలి లోతు చాలన్నాడు సబ్రీ.
ఒడ్డున జానెడు, నడుమ మోకాలు.
అంతకు మించితే
తోక పైకెత్తి తలకిందులైనా
బాతు ముక్కుకు అడుగు అందదంట.

వఫ్రా ఇసుక నీళ్లు దాచుకోదు.
గుంటకు నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి
దాని మీద నాలుగు లారీల మట్టి తోలి
నేనూ షోఫికులూ తొక్కినాం
రెండు రోజులు,
మట్టిమిద్దెకు అడుసు తొక్కినట్టు.
నడిమధ్య మంచమంత తిప్ప.
నక్కలు అంతదూరం ఈదవని నమ్మకం.

దక్షిణపు ఒడ్డున జమ్ము, మూరెడు ఎడంతో.
అంచు పొడుగునా తుంగ.
బోరునీళ్లు ఉప్పు,
మూడు ట్యాంకర్లకొకటి మంచినీళ్లు కలపాల.
దోమలకు చిన్నచేపలు వదిలినాం,
శుక్రారం శుక్రారం పాచి గీరినాం.

తర్వాత సబ్రీ ఒక సంచి దించినాడు.
విప్పి గుప్పిట పట్టి చూస్తే
నవ్వాగలేదు నాకు.
ఊద!
చిట్వేలి మడిలో
వరిపిలక మాదిరి నటించే దొంగ ఊద.
మా చిన్నమ్మ ఓబులమ్మ కంటికే దొరికేది.
మొదట్లో ఎరుపు చూసి
వేళ్లతో సహా పెరికి గెనిమ మీదికి విసిరి
నడుం పట్టుకుని
దాని ఏడు తరాల్నీ తిట్టేది.
దీన్ని దీనార్లు పోసి కొన్నారంట.
చల్లమన్నారు.

చల్లినాను.
చేతికి తెలుసు ఎట్లా చల్లాలో,
సిగ్గంతా మిగతా ఒంటికే.

సెప్టెంబరులో మొలక, నవంబరుకు కంకి.
కంకి వంగినాక మడవ తీసి
చీలమండ లోతుకు నీళ్లు పెట్టినాం.

పడమట ఖర్జూరపు మట్టల దడి కట్టించినాడు బాబా.
లోపల ఒక కుర్చీ.
దడికి ఒక కన్నం.
కుర్చీ పక్కన ఇంకా ఏమీ లేదు గానీ
కన్నం ఎత్తు చూస్తే అర్థమైపోతుంది
తుపాకీ ఎంత పొడుగో.

నా పని లెక్క.
పొద్దున ఆరింటికి ఫోను వస్తుంది.
"బెన్షల్, ఎన్ని?"
పెంచలయ్యను ఆ నోరు పలకలేదు.
"మాఫీ, బాబా."
ఇక్కడ మాఫీ అంటే లేదు అని.
మొదటి చలికాలమంతా
దారం కట్టిన ఆరు ప్లాస్టిక్ బాతులు,
వాటిలో ఒకటి బోర్లాపడింది,
రెండు జిట్టంగులు, ఒక కాకి.
మాఫీ, మాఫీ, మాఫీ.

మా ఊళ్లో ఆ మాట కోసం
బ్యాంకు మెట్ల మీద రెండు పూటలు కూర్చున్నా.
రెండు సార్లు మాఫీ వచ్చింది ఊరికి.
రెండు సార్లూ
నా ఖాతా నంబర్లో ఒక అంకె తప్పు.
ఆ అంకే నన్ను విమానం ఎక్కించింది.

రెండో ఏడు, డిసెంబరు పదకొండు.
ఇంకా మసక.
గాలి లేకుండానే జమ్ము కదిలింది.

పరజలు.

ఏ మంచుదేశం నుంచో,
ఎవరి వీసా లేకుండా.
గోధుమరంగు తల,
కంటి మీదుగా పచ్చటి పట్టీ.
ఒకటి తలకిందులై
తోక ఆకాశానికి పెట్టింది.
అందింది అడుగు.
సబ్రీ లెక్క తప్పలేదు.
మిగతావి ఊదకంకుల్ని జల్లెడ పడుతున్నాయి,
చిన్నమ్మ వక్కాకు నమిలినంత చప్పుడుతో.

లెక్కపెట్టినాను. పదిహేడు.
మళ్లీ పెట్టినాను. పదిహేడే.

ఫోను వణికింది జేబులో.
"బెన్షల్?"
గొంతులో ఇంకా నిద్ర.
వీసా మార్చికి అయిపోతుంది,
సంతకం ఆయనదే.
దడి కన్నంలోంచి
అప్పుడే ఒక వెలుగుముక్క
నీళ్ల మీద పడుతోంది.

"మాఫీ," అన్నాను.

ఆయన అరబ్బీలో విని
అటు తిరిగి పడుకుని ఉంటాడు.

నేను ఫోను జేబులో పెట్టుకుని
ఒడ్డున గొంతుక్కూర్చున్నా.
రేపు కూడా ఆరవుతుంది.
షోఫికులుకు చెప్పాల,
ఈ శుక్రారం పాచి గీరొద్దని.